నీలిగళ్ళ పైజామా విజయము

వినుడు! సోఫాలపై సుఖాసీనులైనవారలారా, సోఫా చాలక చాపపై సర్దుకొన్నవారలారా, ఫోను చూచుచునే వినెదమనువారలారా, మీరును వినుడు! ఏ కాలమున మానవకోటి యెల్ల నాసికాముఖములకు గుడ్డపట్టీలు బిగించుకొని, పొరుగువాడు తుమ్మినంతనే యమధర్మరాజు తలుపు తట్టెనని గడగడలాడుచుండెనో. ఏ కాలమున గగనవిహారదక్షములైన విమానములు రెక్కలు కదల్పక, గుడ్లు పొదుగు కోళ్ళవలె నేలనంటి కూర్చుండెనో. ఏ కాలమున ఇండ్లకు పోవలసినవారు పోలేక, చుట్టపుచూపుగా వచ్చినవారు తిరిగిపోలేక, ఎక్కడివారక్కడ చిక్కుపడిరో. అట్టి రెండువేల ఇరువదవ సంవత్సరమున, జూలై మాసమున, ఇసుక పెనమై ఆకాశము మూతయై నడుమనున్న జనులు అట్లవలె కాలుచున్న మహాగ్రీష్మమున, దుబాయి మహానగరపు టంచున జరిగిన యొక ఘోరసంగ్రామమును మీకు విన్నవించెదను. ఇందు రక్తము చిందును. కాని యది పిన్నీసుమొన తాకిన వ్రేలిది మాత్రమే.

ఆ నగరపు టంచున ఇంటర్నేషనల్ సిటీ అను పేట గలదు. దాని మహిమ యేమని చెప్పుదును! భూగోళమునంతటిని మడిచి జేబురుమాలంత చేసినట్లు, అచ్చట పర్షియా, గ్రీసు, చైనా, ఫ్రాన్సు అను పేర్లుగల భవనసముదాయములు ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచియుండును. పేర్లు మహాసామ్రాజ్యములవి, లోపలివి మాత్రము అద్దెయిండ్లు. ఉల్లిపాయలకై ఫ్రాన్సుపై దండెత్తి, మరచిన కొత్తిమీరకై మరల చైనాకు దాడి వెడలు గృహిణు లచ్చట కోకొల్లలు. అందులకు పాస్‌పోర్టు అక్కరలేదు, చెప్పులు చాలును.

ఆ పర్షియా సామ్రాజ్యమున, మూడవ యంతస్తున, ఒక పడకగదియు ఒక హాలును గల దుర్గమున, ఏకకాలమున నాలుగు బర్నర్ల నేలు చతురగ్నిపాలిని, వంట మాడకముందే వాసన పసిగట్టు ఘ్రాణవిదుషి, వైఫై ఆగినను ఉప్పు ఎక్కువైనను తానే నిందింపబడు సహనశీల, విజయదుర్గ యను వీరవనిత నివసించుచుండెను. ఆమె భర్త మురళీ, ఒక సరుకురవాణా కంపెనీలో ఉద్యోగి. ఇంటినుండియే పనిచేయు ఆ దినములలో నడుమునకు పైన ఇస్త్రీచొక్కాయు, నడుమునకు క్రింద లుంగీయు ధరించి, లాప్‌టాప్ ఎదుట సగము దుబాయి, సగము పాలకొల్లు అయి ప్రకాశించుచుండెడివాడు.

ఇక వీరమ్మగారు. ఆమె మురళీ తల్లి. ఫిబ్రవరిలో కొడుకును కోడలిని చూడవచ్చి, ఆకాశహర్మ్యముల నన్నిటిని క్రిందినుండి చూచి “మెడ పట్టేసింది, ఇంటికి పదండ్రా” అని తీర్పుచెప్పి, ఏప్రిలులో పాలకొల్లు చేరవలసిన ఆ మహాతల్లి, విమానములు నిలిచిపోవుటచే పర్షియాలోనే నిలిచిపోయెను. మామగారు అచ్చట పెద్దకొడుకు ఇంట క్షేమముగానే యుండిరి. “నేను లేకపోతే ఆయనకి హాయిగానే ఉండుంటాది” అని వీరమ్మగారే దినదినము ధ్రువీకరించుచుండిరి.

ఆమె యావజ్జీవము ధరించినది చీర. అందును గంజిపెట్టిన నేతచీర. పగలును అదియే, పడకలోను అదియే. పాలకొల్లు ఇంటి గరుకుగచ్చుపై విశ్వాసపాత్రమైన యా చీర, ఇచ్చటి నున్నని టైల్సుపై వెన్నుపోటుకు దిగెను. ఒకనాడు స్నానాలగదికి పోవుచు, తన కుచ్చిళ్ళను తానే త్రొక్కి, ఆమె ధడాలున పడెను. మోకాలు కొబ్బరిబోండమంత వాచెను. ఫోనులోనే పరీక్షించిన వైద్యుడు “ఇంకోసారి పడితే ఆపరేషన్ తప్పదు. ఈ రోజుల్లో ఆసుపత్రి గుమ్మం తొక్కకుండా ఉంటేనే మంచిది. కాళ్ళకి అడ్డంపడని వదులు బట్టలు వేయించండి” అని హితోపదేశము చేసెను. ఆ పడిన చప్పుడును విజయదుర్గ వంటగదినుండి వినెను. నాటినుండి స్నానాలగది తలుపు కిర్రుమన్న ప్రతిసారి ఆమె చేతిలోని గరిటె ఆగిపోవును, గుండెయు దానితో ఆగిపోవును. అత్తగారు మరల పడరాదు. ఆమెకు కావలసిన దంతయే.

వెంటనే ఆమె యొక నైటీని కొనితెచ్చెను. వీరమ్మగారు దానిని రెండు వ్రేళ్ళతో పైకెత్తి, వెలుతురునకు పట్టి, ముందువెనుకలు పరీక్షించిరి.

“ఇదేంటే, గోనెసంచికి చేతులు కుట్టినట్టుంది? ఇందులో నేను దూరను గాక దూరను.”

మరుసటి దినమున ఆ నైటీ బాల్కనీలో ఎండుచున్న గుమ్మడివడియాలపై కప్పబడి కానవచ్చెను. వడియములు మాత్రము మిక్కిలి సుఖపడెను.

అప్పుడు విజయదుర్గ భ్రుకుటి ముడివడెను. కుడిచేత కత్తెర నెత్తి, ఎడమచేత జడను వెనుకకు విసరి, దిక్కులు పిక్కటిల్ల ఆమె యిట్లు గర్జించెను: “ఓ దశదిశలారా! ఓ స్ప్లిట్ ఏసీ యంత్రరాజమా! సాక్షులై నిలువుడు! దుకాణవస్త్రముల నెల్ల ధిక్కరించిన యీ పూజ్యురాలి చరణములకు, నా స్వహస్తనిర్మితమగు సుఖవస్త్రకవచమును తొడుగకున్నచో, నేను కుట్టుమిషను గల యింటి కోడలినే కాను!” ఇట్లు గర్జించెనని నేను చెప్పుచున్నాను గాని, వాస్తవమునకు ఆమె నోట వెడలినవి “సర్లెండి, నేనే ఏదో ఒకటి కుట్టేస్తా” అను పలుకులు మాత్రమే. తక్కినది ఆమె ముక్కుపుటములను చూచి నేను గ్రహించితిని.

ఆ దినము మంగళవారము. వీరమ్మగారు కత్తెరను చూచి అదరిపడిరి.

“మంగళారం పూట కొత్తగుడ్డ మీద కత్తెరెడతావేంటే? మీ అమ్మ చెప్పలేదా?”

ప్రతిజ్ఞ వాయిదా పడెను. బుధవారము ఇడ్లీపిండి రుబ్బవలసివచ్చెను. కావున చరిత్ర గురువారమునకై వేచియుండెను.

గురువారము, ఉపాహారము ముగిసి గిన్నెలు కడిగిన పిమ్మట, విజయదుర్గ బీరువా మీది సూట్‌కేసుపై దండయాత్ర వెడలెను. పరదేశమున కాపురమున్న ప్రతి తెలుగింట అట్టి సూట్‌కేసు ఒకటి యుండును. దానిలో వేయుటయే గాని తీయుట యెవ్వరును ఎరుగరు. ఆమె స్టూలెక్కి, మునివ్రేళ్ళపై నిలిచి, పిడిపట్టి లాగగా, అది ధూళిమేఘములతో దిగివచ్చెను. మూత తెరచినంతనే కలరా ఉండల సుగంధము హాలునెల్ల ముంచెత్తెను.

ఆహా, ఏమి సేన! ఏమి సేన! వరలక్ష్మీవ్రతముల నాటి జాకెట్టు ముక్కలు, సీమంతముల నాటి జాకెట్టు ముక్కలు, ఎవరి పేరంటమో ఎవ్వరికి గుర్తులేని జాకెట్టు ముక్కలు, చిలకపచ్చ దళమొకటి, వంగపండు దళమొకటి, మామిడిరసపు దళమొకటిగా బారులు తీర్చియుండెను. వాని వెనుక మురళీకి అత్తవారు పెట్టిన ప్యాంటుచొక్కా బిట్లు, అట్టపెట్టెలు విప్పకయే వార్ధక్యమందిన మహారథులు, నిద్రించుచుండిరి. ఇందొక ఆవపిండిరంగు ముక్క వంశచరిత్ర గలది. దానిని మణి యను నావిడ అక్షయ యను నావిడకు బొట్టుపెట్టి యిచ్చెను. అక్షయ సంజన కిచ్చెను. సంజన విజయదుర్గ కిచ్చెను. విజయదుర్గ ఏమరుపాటున దానిని మరల మణికే యిచ్చెను. మణి గుర్తుపట్టియు, ఏమియు ననక, మరుసటి శ్రావణమాసమున చిరునవ్వుతో విజయదుర్గ చేతిలోనే పెట్టెను. ఇంటర్నేషనల్ సిటీలోని సకలదేశములను చుట్టివచ్చియు, ఏ కత్తెరకును లొంగని అజేయవస్త్ర మది.

విజయదుర్గ నాలుగైదు ముక్కలను తీసి, ఒక్కొక్క కాలికి రెండేసి చొప్పున కలిపి చూచుచుండెను. సోఫాపై కాలు దిండ్ల మీదికి చాపుకొని చిక్కుడుకాయల ఈనెలు తీయుచున్న వీరమ్మగారి కంట ఆ వ్యూహము పడెను.

“ఏయ్! ఏంటా పని? బొట్టెట్టి ఇచ్చిన గుడ్డలు కాళ్ళకి తొడుగుతావా? కళ్ళు పోతాయ్!”

జాకెట్టు సేనలు సిగ్గుతో వెనుదిరిగెను. ఇక మిగిలినది సూట్‌కేసు అడుగు. విజయదుర్గ భుజమువరకు చేయి చొనిపి, పాతాళమును తడవి, అచ్చటినుండి ఒక మడతను వెలికితీసెను. నీలి గళ్ళ నూలుగుడ్డ. ఐదు మీటర్లకు తక్కువ లేదు. మగ్గపు నేత, చెంపకు తాకించిన చల్లగా నుండెను. “ఇంత మంచి గుడ్డ ఎక్కడిదబ్బా?” అని ఆమె పైకే అనెను. ఆ యొక్క మాట అనకుండిన ఎంత బాగుండెడిది!

“ఏదీ, ఇలా తే,” అనిరి వీరమ్మగారు. గుడ్డను ఒడిలో పరచుకొని, అంచును బొటనవ్రేలితో రాచి చూచిరి. “ఇది నేనెట్టిందేనే. నీ పెళ్ళైన కొత్తలో. దుబాయ్‌లో ఎండలంట, పంజాబీ డ్రస్సు కుట్టించుకోమని పనిగట్టుకుని నేయించి ఎట్టాను.”

విజయదుర్గ ముఖము పాలిపోయెను. టైలరు పాడుచేయునని భయమనియు, మంచి ముహూర్తమునకై దాచితిననియు, సాకులు నాలుక చివరివరకు పరుగెత్తుకొనివచ్చెను. ఒక్కటియు బయటికి రాలేదు.

“మర్చిపోయానండీ అత్తయ్యగారూ. మంచి గుడ్డని దాచాను. దాచి మర్చిపోయాను.”

“బాగానే దాచావ్. పురుగు కూడా ముట్టలేదు.”

ఆ మాటలో నవ్వు గలదు. నవ్వు క్రింద నొచ్చుకోలు గలదు. కోడలు రెంటిని వినెను. వినియు, వెనుకంజ వేయక, “ఇది మీకే పైజామా కుడతానండీ, పైన వదులుగా ఒక జుబ్బా” అనెను.

“నాకా? నేనెట్టిన గుడ్డ నేనే తొడుక్కోవాలా? ఇచ్చింది ఎనక్కి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. నీకే కుట్టుకో.”

చూచితిరా ధర్మసంకటము! బొట్టుపెట్టిన గుడ్డ కాళ్ళకు పనికిరాదు. కాళ్ళకు పనికివచ్చు గుడ్డ ఇచ్చినావిడకే పనికిరాదు. సామాన్యులైన వీరులు ఇచ్చట ఆయుధములు పడవేసి టీ పెట్టుకొందురు. విజయదుర్గ మాత్రము ఒక క్షణము ఆలోచించి, “అలాగేనండీ, నాకే కుట్టుకుంటా” అని వినయముగా తలవంచెను. ఆ వంచిన తలలో మహామాయోపాయ మొకటి అప్పటికే మొలకెత్తియుండెను. బాల్కనీలో ఆరుచున్న వీరమ్మగారి లంగాను దొంగచాటుగా తెచ్చి, నడుముకొలతను, పొడవును టేపుతో పట్టి, ఏమియు నెరుగనట్లు మరల తీగపై వేసెను.

ఇప్పుడు దారము కావలెను. పర్షియానుండి గ్రీసు చేరుటకు పది నిమిషముల నడక. జూలైలో అది పది జన్మల తపస్సు. మాస్కులోపల తన శ్వాసయే తనను ఉడికించుచుండగా, విజయదుర్గ యా యెడారిమార్గమును దాటి, దారములు బొత్తాములు అమ్ము అమీర్ జాన్ దుకాణమునందు నిలిచెను.

“నీలా ధాగా ఖలాస్, బాజీ. లాల్ హై, కాలా హై,” అనెను అమీర్ జాన్.

నీలిదారము లేదు! ఎరుపు, నలుపులే గలవు. కొత్తబట్టకు నల్లదారమా? అత్తగారి నోట ఏమి వినవలసివచ్చునో! “లాల్ దేదో భయ్యా. ఔర్ ఎలాస్టిక్?”

అమీర్ జాన్ తన మాస్కును చూపించి, చేతులు రెండును విప్పెను. “సబ్ ఇస్‌మే చలా గయా, బాజీ. ఎలాస్టిక్ భీ ఖలాస్.”

లోకములోని ఎలాస్టిక్ యావత్తు మానవుల చెవులకు తగిలించబడిన కాల మది. నడుములకు దిక్కెవ్వరు? లంగా బొందు! పూర్వులు మనకిచ్చిన యా తెల్లని బొందును నాలుగు మూరలు కొని, ఎర్రదారపు ఉండను పిడికిట పట్టి, ఆమె చెమటధారలతో స్వదేశమునకు తిరిగివచ్చెను.

పిమ్మట ఛేదనపర్వము. యూట్యూబులో ఒక గురువమ్మ “గుడ్డని రెండు మడతలేసి కత్తిరించుకోండి” అని స్పష్టముగా చెప్పెను. కాని విజయదుర్గకు రెండు మడతలు ఒకేసారి కత్తిరించుటన్న భయము. తప్పిన రెండును పోవును గదా! కావున ఒక్కొక్క కాలునే విడిగా పరచి, మురళీ పాత రాత్రిప్యాంటు విప్పిన ముక్క నమూనాగా, సబ్బుముక్కతో గీతలు గీసి, మహాజాగ్రత్తతో కోసెను. ఒక కాలు సిద్ధము. రెండవ కాలును అచ్చముగా అట్లే, అదేవైపు, వెంట్రుకవాసి తేడా రాకుండ కోసెను. రెంటిని ప్రక్కప్రక్కన పరచి చూచెను. చూచి, కూలబడెను.

రెండును ఎడమకాళ్ళే!

“హా దైవమా!” అని ఆమె విలపించెను. “రెండు ఎడమకాళ్ళ మానవుని నే నెచ్చట వెదకితెత్తును? ఎవ్వరి మేనికి తొడుగుదును? అతిజాగ్రత్తయే నా కొంపముంచెను గదా! పెండ్లియైన క్రొత్తలో పెట్టిన గుడ్డను మరచుటయే గాక, తలచిన నాడు చెరచితిని గదా!” అని. లోకవ్యవహారమున ఆమె “ఛీ, దరిద్రం” అని మాత్రమే అనెను గాని, నిజముగనే ఆమె కన్నులలో నీరు నిండెను. మిగిలిన గుడ్డ జుబ్బాకే సరిపోవును. ఇంకొక కాలు రాదు. కోపము పట్టజాలక ఒక ఎడమకాలును ఎత్తి విసరగా, అది గాలిలో పల్టీకొట్టి, కుర్చీవీపున బోర్లపడెను. విజయదుర్గ దానిని చూచెను. మరల చూచెను. బోర్లపడిన ఎడమకాలు కుడికాలై వ్రేలాడుచుండెను! మగ్గముపై నూలుకు రంగువేసి నేసిన గళ్ళగుడ్డ అది. అచ్చుగుడ్డవలె ఒకవైపు వెలుగు, ఒకవైపు వెలవెల లేవు. ఎటు త్రిప్పినను అదే నీలము, అవే గళ్ళు. ఆమె యా కాలును గుండెకు హత్తుకొనెను.

“అదేంటే, గుడ్డతో మాట్లాడతన్నావ్?” అనిరి సోఫానుండి వీరమ్మగారు.

“మీ సెలక్షన్ సూపరండీ అత్తయ్యగారూ!”

“మరేమనుకున్నావ్,” అని ఆమె చిక్కుడుకాయలవైపు తిరిగిరి. ముఖము మాత్రము కొంత విప్పారెను.

అంతట యంత్రయుద్ధము మొదలయ్యెను. ఆ కుట్టుమిషను చూచుటకు ఆటబొమ్మంత, అరచుటకు పిండిమరంత. పెడలుపై పాదము మోపినంతనే అది బల్లనెల్ల కదల్చుచు, గోడల నదరించుచు ముందుకురికెను. ప్రక్కన మురళీ లాప్‌టాప్‌లో అతని పైయధికారి, అచ్చటి మాటలో ముదీరు, లెక్కలు వివరించుచుండెను. మాటల నడుమ ఆగి, హెలికాప్టరేమైన దిగుచున్నదా యని అతడు ప్రశ్నించెను. మురళీ మ్యూటు నొక్కి, కుర్చీతోసహా వెనుకకు జరిగి వచ్చెను.

“దుర్గా, ముదీర్ లైన్లో ఉన్నాడు. కాసేపు ఆపవే బాబూ. అసలేంటిది, ఎవరికి?”

ఆమె కంటిచూపుతో సోఫావైపు సైగచేసెను. మురళీ తల్లిని చూచెను, పైజామాను చూచెను, మరల భార్యను చూచెను. లుంగీ సర్దుకొని, మాటాడక తన లాప్‌టాప్‌ను ఎత్తుకొని పడకగదిలోనికి పోయి తలుపు మూసెను. ఆ గృహమున ఒక పురుషుడు చేయగల మహాత్యాగమది.

మిషను రెండుమారులు దారము మ్రింగెను, అడుగున గూడుకట్టెను. విజయదుర్గ విప్పెను, ఊదెను, తిట్టెను, నూనె పోసెను. ఎర్రకుట్లు నీలిగుడ్డపై కాలువగట్టు దారివలె వంకరలుపోయెను, అయినను తెగలేదు. జుబ్బా ముగిసెను. పైజామా ముగిసెను. మిగిలినది బొందు. బొందు కొసకు పిన్నీసు గ్రుచ్చి, నడుముపట్టీ యను చీకటిగుహలోనికి పంపగా, ఆ దుష్టపిన్నీసు నట్టనడుమ నోరు తెరచుకొనెను. వ్రేళ్ళతో తడవి, నొక్కి, మూయబోవ దాని మొన చూపుడువ్రేలిని కఱచెను. ఎఱ్ఱని బొట్టొకటి పొడమెను. ఆమె వ్రేలిని నోట పెట్టుకొని, రెండవ చేతితోనే పిన్నీసును అంగుళమంగుళముగా తోలి, ఆవలి ద్వారమున బయటికి లాగెను. పర్షియాలో ఆ సమయమున సూర్యుడు కొంత పడమటికి వాలియుండెను.

వీరమ్మగారు దూరమునుండియే తీర్పునిచ్చిరి. “నీకింత వెడల్పెందుకే? అందులో నీలాంటోళ్ళు ఇద్దరు పడతారు.”

“వదులుగా ఉంటే గాలాడుద్దండీ.”

ఇక బ్రహ్మాస్త్రము. విజయదుర్గ స్టీలుపళ్ళెము నొకదానిని తుడిచి, జుబ్బాపైజామాలను మడిచి అందుంచి, ప్రక్కన రెండు అరటిపండ్లు పెట్టెను. కొత్తబట్ట మూలకు పసుపు పెట్టవలెను గదా. చీరకు కొంగు గలదు, పంచెకు అంచు గలదు. పైజామాకు మూల యెక్కడిది? ఏ శాస్త్రకారుడును ఈ సందేహమును తీర్చిపోలేదు. ఆమె రెండు నిమిషములు తర్కించి, బొందు కొసకు పసుపు అద్దెను. మీటింగు ముగిసి వచ్చిన మురళీ, విషయమెల్ల గ్రహించి, తలుపువద్ద చేతులు కట్టుకొని నిలిచెను.

“అత్తయ్యగారూ, ఒక్కసారి ఇటు తిరగండి,” అని విజయదుర్గ ఆమె నుదుట బొట్టు పెట్టెను. పళ్ళెమును చేతులకందించి, వంగి పాదములకు దణ్ణము పెట్టెను.

బొట్టుపెట్టి పళ్ళెమిచ్చిన చేతులు చాపని తెలుగు ఇల్లాలు భూప్రపంచమున లేదు. వీరమ్మగారి మనస్సు మేలుకొనకముందే చేతులు ముందుకు సాగెను, పెదవులు “దీర్ఘసుమంగళీ భవ” అనెను. అన్న తరువాత ఆమె పళ్ళెములోనికి చూచిరి.

“అమ్మ దొంగా! నాకా ఇది?”

“మీకేనండీ.”

“నేనెట్టిన గుడ్డ అని చెప్పానా లేదా?”

“మీరు పెట్టింది గుడ్డండీ. నేను పెట్టింది కుట్టిన బట్ట. బొట్టు పెట్టి ఇచ్చింది కాదంటే నాకు అశుభం కదా.”

“అమ్మా, దొరికిపోయావ్,” అనెను తలుపువద్దనుండి మురళీ.

“నువ్వూరుకోరా. ఈ వయసులో పైజామా ఏసుకుని తిరగనా? నవ్వరూ?”

ఈ ఘట్టమున విజయదుర్గ చేత ఒక దీర్ఘోపన్యాసము చేయింపవలెనని నేను సమాసములు కూర్చుకొంటిని. ఆమె నాకు అవకాశమీయలేదు. అత్తగారి పాదములవద్దనే కూర్చుండి, వాచిన మోకాలిపై చేయివేసి, “మీరు పడ్డ చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉందండీ. ఇంకోసారి నేను వినలేను” అనెను.

వీరమ్మగారు ఆ చేతిని ఒక్కసారి తట్టిరి. తరువాత పళ్ళెముతోనే లేచి, గోడపట్టుకొని, గదిలోనికి పోయి తలుపు వేసికొనిరి.

ఎంతసేపు! తలుపునకావల బొందు జారిన సద్దు, సణుగుడు, మరల సణుగుడు. కోడలు గోరు కొరికెను. కొడుకు గడియారము చూచెను. ఎట్టకేలకు తలుపు తెరచుకొనెను. నీలిగళ్ళ పైజామా, నీలిగళ్ళ జుబ్బా, జుబ్బాపై పైటవలె అడ్డముగా వేసికొన్న మురళీ తువ్వాలు! ఆ తువ్వాలుకొంగును నడుమున దోపుకొని, చీలమండలను తొలిసారిగా లోకమునకు చూపుచు, వీరమ్మగారు గుమ్మమున నిలిచిరి.

“నవ్వారంటే ఇప్పుడే ఇప్పేత్తాను.”

ఎవ్వరును నవ్వలేదు. మురళీ తలను ఫ్రిజ్జులో పెట్టి నీళ్ళసీసా వెదకుచుండెను, అతని భుజములు మాత్రము కదలుచుండెను. వీరమ్మగారు టైల్సుపై ఒక అడుగు వేసిరి. క్రిందికి చూచిరి. కాళ్ళవద్ద ఏమియు లేదు. రెండవ యడుగు వేసిరి. ఆమె సోఫావైపు రాక, స్నానాలగది ముందునుండి, తాను పడిన చోటనుండియే, వంటగదిలోనికి పోయిరి. లోపల గిన్నెలు చప్పుడయ్యెను, స్టవు వెలిగెను. “నేను చేస్తానుండండీ” అని లేవబోయిన కోడలిని “కూకో” అను కేక కూర్చుండబెట్టెను.

కొంతసేపటికి వీరమ్మగారు వెలుపలికి వచ్చిరి. కుడిచేత ఒక టీగ్లాసు, ఎడమచేత ఒక టీగ్లాసు! ఆజన్మము ఒకచేత గ్లాసును, ఒకచేత కుచ్చిళ్ళను పట్టి, ఒక్కొక్క టీనే తెచ్చి, మరల పోయి ఇంకొకటి తెచ్చిన యా యిల్లాలు, ఈనాడు రెండుచేతుల రెండు గ్లాసులతో, తలెత్తుకొని, నేలవంక చూడకయే నడచివచ్చుచుండెను. కోడలి చేతికొక గ్లాసునిచ్చి, తానొకటి పట్టి, సోఫాపై కాలు చాపుకొని కూర్చుండిరి. విజయదుర్గ గ్లాసును పట్టుకొని అత్తగారి చీలమండలవంకనే చూచుచుండెను.

“టీ చల్లారిపోద్ది, తాగు,” అనిరి వీరమ్మగారు. ఒక గుక్క తాగి, పైజామా మోకాలివద్ద వంకరపోయిన ఎర్రకుట్టును వ్రేలితో నిమిరి, “రేపు శుక్రారమేగా. ఇంకోటి కుట్టు. ఇది ఉతుక్కుంటే నేనేం తొడుక్కోవాలి?” అనిరి.

జయము! జయము! దుందుభులు మ్రోగలేదు, క్రింద పార్కింగులో ఒక కారు హారను మ్రోగెను. పూలవాన కురియలేదు, ఏసీనుండి రెండు చుక్కలు రాలెను. అయినను దశదిశలు వినునట్లు చాటుచున్నాను: రెండువేల ఇరువదవ సంవత్సరమున, ఒక గురువారపు సాయంకాలమున, ఎడారినడుమ వెలసిన పర్షియా సామ్రాజ్యమున, పాలకొల్లు వీరమ్మగారు నీలిగళ్ళ పైజామా ధరించి, వంటగదినుండి సోఫావరకు రెండు గ్లాసులతో నడచివచ్చిరి. పడలేదు. చుక్క టీ అయినను ఒలకలేదు.